గౌరిని వదిలేసినానని రాసిన చీటీ

కూర్మన్నపాలెం,
ఆదివారం.

బావకి, అప్పకి పైడయ్య దండాలు పెట్టి రాస్తన్నాను.

నా ఒంట్లో బాగానే ఉన్నాది. మీరంతా ఎలగున్నారో రాయండి. అప్ప మోకాలి నొప్పి తగ్గినాదా? కాస్త తగ్గితే సాలు, కట్టు విప్పేసి నాట్లకి దిగిపోతాది, దాని సంగతి నాకు తెలుసు. ఈ యేడు దాన్ని గట్టు మీదే కూకోబెట్టు. చిన్నమ్మడు బడికి వెళ్తన్నాదా? అక్కడ వానలు పడినాయా? ఇక్కడ రెండు వానలు పడి ఆగిపోనాయి. ఎర్రమట్టి అంతా బురదై బూట్లకి పట్టేస్తన్నాది.

మన ఊరి మేస్త్రీ చేత నువ్వు పంపిన ఉలవల సంచి అందినాది. ఆయన పాపం పట్నంలో పాత ఊళ్ళో నా గదికి వెళ్ళి, అక్కడ నాను లేనని తెలుసుకుని, వాకబు చేసుకుంటా నాలుగు రోజులకి ఇక్కడికి తెచ్చి ఇచ్చినాడు. సంచి మీద చిన్నమ్మడు బొగ్గుతో ‘గౌరికి’ అని రాసినాది. గ కింద వంకర పెట్టినాది గాని బాగానే రాసినాది. రెండు రోజులు ఆ సంచి మూతి విప్పకుండా మంచం కింద పెట్టుకున్నాను. ఇంక ఊరుకోకూడదని ఈ ఉత్తరం మొదలెట్టినాను.

బావా, గౌరి లేదు. వైశాఖంలో పోనాది.

పోయిన నెల కార్డులో ‘గౌరి బాగానే ఉన్నాది, మేత తింటన్నాది’ అని రాసినాను. అప్పటికి అది పోయి ఇరవై రోజులు. అబద్ధం రాద్దామని కూకోలేదు. ఎప్పుడూ రాసే వరసలో రాస్తా వచ్చినాను, దాని పేరు కాడికి వచ్చీసరికి చెయ్యి అలగే రాసీసినాది. కొట్టేద్దామనుకుని కొట్టలేదు. పెట్టెలో వేసీసినాను. అప్పటి నుంచి మీకు మళ్ళీ రాయడానికి మొహం చెల్లలేదు.

ఇంకోటి కూడా ఉన్నాది. గౌరి పోయిన రోజే మునిసిపాలిటీ వాళ్ళు నా మీద జరిమానా చీటీ రాసినారు. దాని మీద నాను అప్పీలు పెట్టుకున్నాను. మొన్న బుధవారం తేలిపోనాది. ఇప్పుడు అంతా వరసగా రాస్తాను. అప్పకి చదివేటప్పుడు మెల్లగా చదువు.

నీకు తెలియనిదేటుంది, జట్కాలకి రోజులు బాగోలేవు. చీపురుపల్లి స్టేషను కాడ బస్సులొచ్చి నీ బండిని నిలబెట్టీసినట్టే, ఇక్కడ ఆటోలొచ్చి మా బళ్ళని నిలబెట్టీసినాయి. ఆ రోజు పొద్దున్న రైలు దిగి ఒక కుటుంబం వచ్చినారు. మొగుడు, పెళ్ళాం, ఆయన తల్లి, రెండు ట్రంకు పెట్టెలు, ఒక బియ్యం మూట. పెట్టెలు పట్టవని ఆటో వాడు పొమ్మన్నాడట. వాళ్ళ ఇల్లు పాత ఊళ్ళో, కొండకి ఎక్కే రోడ్డు పైన.

ఎత్తు కాడ జనాన్ని దింపి, కళ్ళెం పట్టుకుని పక్కన నడవాలని నువ్వే నాకు నేర్పినావు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు ముసలావిడ నడవలేనన్నాది. ఆవిడ సరే, కొడుకుని, కోడల్ని దిగమని అడగొచ్చు. అడగలేదు బావా. దిగమంటే ఈసారికి దిగుతారు, మళ్ళీసారి ఆటో ఎక్కుతారని భయపడినాను. నాను ఒక్కడినే దిగి నడిచినాను. ఇంకోటి కూడా చెప్పీయాలి. అప్పటికి రెండు రోజులుగా గౌరి ఉలవలు సగం వదిలేస్తన్నాది. ఎండలకి అనుకున్నాను. నువ్వయితే ఆ రోజు బండి కట్టవు. కట్టకూడదని నాకూ తోచినాది. అయినా కట్టినాను.

సగం ఎత్తులో ఖాదర్ సాయిబు అని ఒకాయన ట్రంకు పెట్టెలు చేసే కొట్టు ఉన్నాది. సరిగ్గా దాని ఎదర గౌరి ఆగిపోనాది. అది ఎప్పుడూ దారి మధ్యలో ఆగదు కదా. నాను అదిలించలేదు, కమ్చీ కూడా తియ్యలేదు. ముందు కాళ్ళు మడిచి, కాసేపు అలగే ఉండి, పక్కకి ఒరిగిపోనాది. ఆ కుటుంబం వాళ్ళు మంచోళ్ళే. ఆయన కూడా చెయ్యేసి పట్టాలు ఊడదీసినాడు, ఇద్దరం కలిసి నొగల కింద నుంచి దాన్ని తప్పించినాం. కాసేపు నిలబడి, ఇంక చెయ్యడానికేటీ లేక పెట్టెలు నెత్తిన పెట్టుకుని, ముసలావిడని మెల్లగా నడిపించుకుంటా ఎక్కిపోనారు.

సాయిబు పెద్దాయన. సుత్తి పడేసి వచ్చి, కొట్టులో ఉన్న కుండెడు నీళ్ళూ గోనె మీద పోసి దాని మీద కప్పినాడు. తాగడానికి నీళ్ళు పట్టుకు రమ్మని నన్ను తరిమినాడు. ఆ వీధి కొళాయి పొద్దున్నే కట్టేస్తారు. కింద వీధి కొళాయి కాడికి పరిగెత్తినాను, అదీ ఎండిపోనాది. ఆఖరికి హార్బరు రోడ్డు మీద టీ హోటలు వాడు బక్కెట్టుతో ఇచ్చినాడు. నిండు బక్కెట్టుతో ఎత్తుకి పరిగెత్తలేం. పరిగెడితే ఒలికిపోతాది, నడిస్తే ఆలస్యం. కొంత పరిగెట్టి కొంత నడిచి వచ్చీసరికి అయిపోనాది.

సాయిబు లేచి నిలబడి ఉన్నాడు. నా చేతిలో బక్కెట్టు తీసుకుని కింద పెట్టి, “నువ్వు నీల్లకి ఎల్లి మలుపు తిరిగీలోగానే ఎల్లిపోనాది పైడయ్యా. బాద పడనేదు” అన్నాడు.

ఆ మాట పట్టుకునే నాను రెండు నెలలు బతికినాను.

సాయంత్రం మునిసిపాలిటీ లారీ వచ్చినాది. నన్నూ ఎక్కనిచ్చినారు. ఉప్పు మడులు దాటినాక ఒక బీడులో గొయ్యి తీసినారు. పసుపు కుంకం సాయిబు పక్క కొట్టులో కొని ఇచ్చినాడు, నాను పెట్టినాను. మెడలో పూసలు తియ్యమన్నారు గాని తియ్యలేదు. నువ్వు కట్టినవి, దానితోనే పోనీ అనుకున్నాను.

మర్నాడు బండిని సాయిబు గోడ పక్కకి లాగుతుంటే నొగకి దారంతో కట్టిన కాగితం కనబడినాది. నాను నీళ్ళకి పోయిన టైములో ఇనస్పెక్టరు వచ్చి రాసి కట్టీసినాడు. ‘బండిని, గుర్రమును రోడ్డుకు అడ్డముగా వదిలి వెళ్ళినందున’ అని రాసి, కింద జరిమానా వేసినాడు. తోటి బండి వాళ్ళందరూ కట్టేసి ఊరుకోమన్నారు. అది మరీ పెద్ద జరిమానా కాదు, కట్టగలను. గాని కట్టీస్తే ఆ మాట నిజమైపోతాది కదా. గౌరిని నాను రోడ్డు మీద వదిలేసి పోనానని ఆ ఆఫీసులో ఎప్పటికీ రాసి ఉంటాది. అది పుట్టిన యేడే కదా మా అమ్మ పోతే అప్ప నన్ను మీ ఇంటికి తెచ్చుకున్నాది. ఒకే పెరట్లో పెరిగినాం. ఆ కాగితం మీద సంతకం కాదు కదా, వేలిముద్ర వెయ్యమన్నా నా వల్ల కాదు.

ఆఫీసు మెట్ల కాడ టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే మూర్తి గారని ఒకాయన ఉన్నారు. ఆయన చీటీ వెనక్కి తిప్పి చదివి చెప్పినారు. పదిహేను రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చంట. ముందు డబ్బు కట్టకూడదంట, కట్టినామంటే తప్పు ఒప్పుకున్నట్టే. చీటీ నెంబరు, తారీకు పైన వెయ్యాలి, స్టాంపు అంటించాలి, సాక్షి పేరు రాయాలి, రెండు కాపీలు తీసి మన కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే మన కాగితం అందలేదంటారంట. నాను మొదట్నుంచీ చెప్పుకొచ్చినాను. గౌరి పుట్టడం, దాని తల్లి పాలివ్వకపోతే అప్ప మేకపాలు పట్టడం, నువ్వు దాన్ని స్టేషనుకి అలవాటు చెయ్యడం అన్నీ. ఆయన వింటా వింటా నాలుగే వరసలు టైపు కొట్టినారు. మిగతాది ఆఫీసుకి అక్కర్లేదు బాబూ, అడిగిన దానికే జవాబు అన్నారు. కోపంతో అనలేదు. అందుకే మిగతాదంతా నీకు రాస్తన్నాను.

పశువుల ఆసుపత్రి సర్టిఫికెట్టు కూడా ఉంటే మంచిదన్నారు. చచ్చిపోయిన జంతువుని చూడకుండా ఏటి రాయగలనని డాక్టరు అన్నారు గాని, లైసెన్సుకి చూపించినప్పుడు గుర్రం బాగున్నాదని పుస్తకంలో రాసినది చూసి దానికి కాపీ ఇచ్చినారు. అన్నీ కలిపి పన్నెండో రోజున ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. పిలుస్తామన్నారు.

గుర్రం లేకుండా గదిలో ఉండలేకపోనాను బావా. గది అంటే ఏటి, దాని కొట్టం పక్కన ఒక గోడే కదా. పార్వతీపురం అతను తవుడు అని, స్టీలు ప్లాంటు పనుల్లో ఉన్నాడు. అతనే అక్కడి పని మేస్త్రీకి చెప్పి నన్ను చేర్చినాడు. ఇప్పుడు కూర్మన్నపాలెంలో ముగ్గురం ఒక గదిలో ఉంటన్నాం. ఇనప చువ్వలు మోసి, వంచి, తీగతో కట్టడం పని. ఎండలో చువ్వ పట్టుకుంటే చెయ్యి అంటుకుపోతాది, చేతికి గోనె గుడ్డ చుట్టుకుంటాం. తిండికి లోటు లేదు. ముతక బియ్యం, ఎండుసేపల కూర, ఆదివారం కోడిగుడ్డు. తవుడు బాగా వండుతాడు. మీరు కంగారు పడక్కర్లేదు. కంపెనీ వాళ్ళు ఇనప టోపీ కూడా ఇచ్చినారు. నిజంగా బాగానే ఉన్నాను.

ఒక్కటే, తెల్లారకముందే మెలకువ వచ్చేస్తాది. మేత వెయ్యాలని లేచి కూర్చుంటాను. తవుడు చూసి పక్కకి తిరిగి పడుకుంటాడు.

బుధవారం పిలుపు వచ్చినాది. మేస్త్రీని అడిగి ఒక పూట సెలవు తీసుకుని, సాయిబుని వెంటబెట్టుకుని వెళ్ళినాను. మెట్ల కాడ మూర్తి గారు ఒక సలహా చెప్పినారు. నాను బండి కాడే ఉన్నానని, రోడ్డు పక్కన నీడలో నిలబడితే ఇనస్పెక్టరు చూసుకోలేదని చెప్పమన్నారు. అలగయితే ఒక్క నిముషంలో కొట్టేస్తారంట. సాయిబు కూడా సరేనన్నాడు. తనూ అదే చెప్తానన్నాడు. నాను అర్జీ కాపీ మడిచి జేబులో పెట్టుకుని లోపలికి నడిచినాను.

లోపల ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఇనస్పెక్టరు ఒక పక్కన నిలబడినాడు, కుర్రాడే, నా వయసుంటాది. ఆఫీసరు అర్జీ అంతా చదివి, చీటీ రాసినప్పుడు నువ్వు బండి కాడ ఉన్నావా అని అడిగినారు. నోటి దాకా వచ్చినాది బావా, ఉన్నానని. అప్పుడు నీకు రాసిన కార్డు గుర్తొచ్చినాది. దాని చావు మీద ఒక అబద్ధం ఆడేసినాను, ఇంకోటి ఆడబుద్ధి కాలేదు.

“లేనండి. నీల్లకి ఎల్లినాను” అన్నాను.

సాయిబు నా వైపు చూసినాడు. ఆఫీసరు అర్జీ మీద ఏదో రాసుకున్నారు. తరవాత ఇనస్పెక్టరుని అడిగినారు, అప్పటికి జంతువు చచ్చిపోయి ఉందా అని. లేదండి, ఊపిరి ఆడతా ఉంది, తల కూడా ఎత్తింది అన్నాడు అతను.

నాకు అర్థం కాలేదు. సాయిబు వైపు చూసినాను. ఆయన నేల చూపులు చూస్తన్నాడు. అయితే ప్రాణంతో ఉన్న జంతువుని ఎవరూ లేకుండా రోడ్డు మీద వదిలి వెళ్ళినట్టే కదా అన్నారు ఆఫీసరు. కోపంగా కాదు, రాసుకోవడానికి అడిగినట్టు అడిగినారు. అప్పుడు సాయిబు ముందుకి వచ్చినాడు.

“ఎవరూ నేకుండా కాదు సార్. నానున్నాను. దాని తల నా ఒళ్ళోనే ఉన్నాది. ఈ బాబు వచ్చి బండెవరిదని అడిగితే, నీల్లకి ఎల్లినాడు, వచ్చేస్తాడని సెప్పినాను. ఆ మాట సీటీలో రాయనేదు.”

ఇనస్పెక్టరు కాదనలేదు. పెద్దాయన చెప్పిన మాట నిజమేనన్నాడు. వెనక లారీలు ఆగిపోయి హారన్లు కొడతా ఉంటే తొందరలో రాసేసినానన్నాడు. అతని మొహం చూస్తే నాకు కోపం రాలేదు. ఆఫీసరు ఇంకోటి అడిగినారు. గుర్రం ఎంతసేపు బతికి ఉందని.

సాయిబు ఒకసారి నా వైపు తిరిగినాడు. నన్ను బయటికి పంపీమంటాడేమో అనిపించినాది. తరవాత చెప్పీసినాడు.

“పావుగంట పైనే సార్. ఈ పైడయ్య ఎల్లిన దిక్కే సెవులు పెట్టుకుని ఉన్నాది. కింద నుంచి ఎవరి అడుగు సప్పుడయినా తలెత్తీది. కాదని తెలిసి మల్లా నా ఒళ్ళో పెట్టీసీది. అలగ నాలుగైదు సార్లు ఎత్తినాది. పైడయ్య బక్కెట్టుతో మలుపు తిరిగీసరికి, అప్పుడే, ఒక్క నిముసం ముందు...”

ఆ తరవాత ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఆఫీసరు రాస్తా ఉన్నారు. కుర్చీ తెచ్చి ఎవరో నన్ను కూకోబెట్టినారు. ఆ ఇనస్పెక్టరే అనుకుంటాను.

జరిమానా కొట్టేసినారు. కాపీ నా చేతికి ఇచ్చినారు. ‘యజమాని జంతువును వదిలి వెళ్ళలేదనియు, నీటి కొరకై వెళ్ళెననియు సాక్ష్యము వలన తేలినందున జరిమానా రద్దు చేయడమైనది’ అని ఉన్నాది. కింద సంతకం, ముద్ర. గుర్రం లేదు కాబట్టి బండి నెంబరు బిళ్ళ ఇచ్చీమన్నారు, ఇచ్చీసినాను. బయటికి వచ్చినాక మూర్తి గారు చదివి, ఇంత బాగా రాసిన ఆర్డరు ఈ మధ్య చూడలేదు, జాగ్రత్తగా దాచుకోమన్నారు. మెట్ల మీద సాయిబు నా భుజం మీద చెయ్యేసి, ఆయన అడగకపోతే నీకు ఎప్పుడూ చెప్పేవోడిని కాదన్నాడు. నాను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం అలగే బస్టాపు దాకా నడిచినాం.

గెలిచినానని తవుడు సంబరపడి ఆ రోజు మాంసం తెచ్చి వండినాడు. తిన్నాను గాని రుచి తెలీలేదు. అప్పీలు పెట్టకపోతే ఆ పావుగంట సంగతి నాకు తెలిసేది కాదు కదా అని ఆలోచిస్తన్నాను. పెట్టినందుకు బాధా కాదు, సంతోషమూ కాదు. దానికి ఆఖర్న ఒకరి ఒడి దొరికిందని మాత్రం తెలిసినాది. సాయిబు కోసం అప్ప చేతి సున్నుండలు ఓ డబ్బా పంపితే నాను ఇచ్చి వస్తాను. ఆయనకి మనం ఏటీ చెయ్యలేం, అదైనా చేద్దాం.

ఉలవలు ఇంక పంపొద్దు. ఆ సంచి నిన్న సాయంత్రం స్టేషనుకి పట్టుకెళ్ళి, అక్కడ మిగిలిన జట్కాల్లో ఒక ముసలి గుర్రం ముందు పోసీసినాను. సంచి మాత్రం తెచ్చుకున్నాను, చిన్నమ్మడి అక్షరాలు ఉన్నాయని. దానికి నువ్వే నెమ్మదిగా చెప్పు. ఇంకోటి, పనిలో ఖాయం చెయ్యాలంటే చదువు కాగితం కావాలంటన్నారు. నా అయిదో తరగతి సర్టిఫికెట్టు అటక మీద ఇనప పెట్టెలో ఉన్నాది, వెతికి ఎవరైనా వచ్చేవాళ్ళ చేత పంపండి.

మావకి, అత్తకి దండాలు చెప్పు. చిన్నమ్మడికి ముద్దులు. మీ దీవెనలు నా మీద ఉండాలి, అవే నాకు కావాలి. నువ్వు తిడతా రాసినా చదువుకుంటాను. ఎత్తు కాడ జనాన్ని దింపలేదని తిట్టు, తిండి మానేస్తే బండి కట్టినావేం అని తిట్టు, కార్డులో అబద్ధం రాసినావని తిట్టు. రాయకుండా మాత్రం ఉండొద్దు.

ఒక్కటి నిన్నే అడగాలి బావా, ఇంకెవరికీ తెలీదు. దాన్ని కడుపులోంచి చేత్తో తీసినోడివి నువ్వు. అది అడుగు చప్పుడయినప్పుడల్లా తలెత్తిందన్నాడు కదా సాయిబు. నీళ్ళొస్తున్నాయని ఎత్తి ఉంటాదా, నానొస్తన్నానని ఎత్తి ఉంటాదా? నీకు ఏది తోస్తే అది రాయి.

ఇట్లు
నీ బావమరిది
పైడయ్య